రుచికేతువు నేల తొక్కిన కథ

పూర్వం, త్రేతాయుగం ఇంకా తొలిప్రాయంలో ఉన్న కాలంలో, వింధ్యపర్వతానికి దక్షిణంగా, అరుణావతీ నదీతీరాన వెలసిన పద్మావర నగరాన్ని రాజధానిగా చేసుకొని, రుచికేతువు అనే మహారాజు ధర్మం తప్పక రాజ్యం ఏలుతూ ఉండేవాడు. ఆయన తండ్రి సంతానం కోసం చేసిన మహాయజ్ఞానికి మెచ్చి, దేవశిల్పి అయిన విశ్వకర్మ ఒక జత దివ్యపాదుకలను ఆయనకు కానుకగా ఇచ్చాడు. వ్యోమపాదుకలని పేరుపడిన వాటిని తొడుక్కున్నవాడు నేలకు నాలుగంగుళాల ఎత్తున నిలిచి, తలచినంత మాత్రాన తలచిన చోటికి చేరుకోగలడు. ముల్లు అతనిని గుచ్చదు, రాయి అతనిని తాకదు, అలసట అతని దరికి రాదు. లేకలేక కలిగిన కొడుకు కావడంచేత ఆ తండ్రి, రుచికేతువుకు ఐదేళ్ళు నిండిన నాడే వాటిని తన చేతులతో తొడిగాడు. పసివాని పాదానికి తగినట్టు కుదించుకొని, వానితోపాటే పెరుగుతూ వచ్చిన ఆ పాదుకలను విడిచి రుచికేతువు మళ్ళీ నేల తొక్కింది లేదు. నిద్రవేళ హంసతూలికాతల్పం, స్నానవేళ చందనపు పీట, పూజవేళ పట్టు ఆసనం తప్ప ఆ మహారాజు అరికాళ్ళు మరి దేనినీ ఎరుగవు.

అంతమాత్రాన ఆయన సుఖలాలసుడని అనుకోరాదు. ఉదయం తూర్పు సరిహద్దులో దారిదోపిడీగాండ్రను పట్టి బంధించి, మధ్యాహ్నానికి పడమటి సీమలో ఇద్దరు అన్నదమ్ముల పొలం తగవు తీర్చి, సాయంసంధ్యకు మళ్ళీ కొలువుకూటంలో కనిపించే ఆ ప్రభువును చూసి, ఇటువంటి రాజు ముల్లోకాలలోనూ లేడని ప్రజలు పొంగిపోయేవారు. రాజు చేసినదే మర్యాద కనుక, నగరంలోని సంపన్నులు కూడా నేలమీద నడవడం చిన్నతనమని తలచి, వీథులన్నిటా కొయ్యపలకలు పరిపించుకొని, వాటిమీద దూది పొదిగిన పాదుకలతో తిరగసాగారు. కొంతకాలానికి పద్మావరంలో మట్టి అంటిన కాలు కనబడితే జనం వింతగా చూసే పరిస్థితి వచ్చింది.

అరుణావతి పుట్టినచోటు శోణకూటమనే ఎర్రని కొండ. ఆ కొండసీమకు అధిపతియైన దృషద్వంతునికి గైరిక అని ఒక్కతే కుమార్తె. జేగురురాళ్ళ నడుమ పుట్టి పెరిగిన ఆమెకు ఆ జేగురు పేరే పెట్టారు. మొగ్గ విచ్చే వేళకే లేచి, తండ్రి మందలు మేసే చరియలన్నీ ఉత్త కాళ్ళతో ఎక్కి దిగి వచ్చే ఆ కన్యకు, ఏ రాయి ఎప్పుడు కదులుతుందో, ఏ చరియ కింద నీరు దాగి ఉందో, ఏ గడ్డిలో పాము ఇప్పుడే వెళ్ళిందో అరికాలే చెప్పేది. ఒకనాడు సరిహద్దు చూడవచ్చిన రుచికేతువు, నిలువునా కోసినట్టున్న బండమీదుగా ఆమె, నెత్తిన తేనెకుండ తొణకకుండా, తిన్నగా దిగి రావడం చూసి ఆశ్చర్యచకితుడై, వెళ్ళి ఆమెను తనకిమ్మని దృషద్వంతుని కోరాడు.

"మహారాజా! మీ వంటి అల్లుడు దొరకడం మా కొండ చేసుకొన్న పుణ్యం. కాని ముందే ఒక మాట చెప్పడం నా ధర్మం. నా బిడ్డ పాదుకలు తొడగదు. అది వ్రతమూ కాదు, మొక్కూ కాదు. దాని నడకే అంత. దానిని మార్చాలని చూడకండి" అన్నాడు ఆ కొండదొర.

"మామా! మా పద్మావరంలో నేల ఇక్కడికన్నా మెత్తన. ఆమె ఇష్టం వచ్చినట్టు నడవవచ్చు" అని నవ్వాడు రుచికేతువు. ఆ మాట విని గైరిక తలెత్తి, నేలకు నాలుగంగుళాల ఎత్తున తేలుతున్న కాబోయే భర్త పాదాలను చూసి, "నేల మెత్తనని మీకు ఎలా తెలుసు స్వామీ?" అని అడిగింది. ఆయన మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చింది. శుభముహూర్తాన వివాహం జరిగింది.

పద్మావరానికి వచ్చిన తరువాత కూడా గైరికాదేవి తన నడక మార్చుకోలేదు. తెల్లవారుతూనే అంతఃపురం వెనుక ద్వారం గుండా ఏటి ఒడ్డుకు పోయి, చెరకుతోటల గట్లమీద, దున్నిన చాళ్ళలో, గులకరాళ్ళ తిప్పలపై క్రోసు దూరం నడిచి, ఎండ ఎక్కకముందే మరలి వచ్చేది. రైతుల ఆడవాళ్ళు మొదట జడిసినా, పదిరోజులలో ఆమెతో కలిసి గట్టుమీద కూర్చుని కబుర్లాడసాగారు. అంతఃపురంలో మాత్రం చెలికత్తెలు మూతి విరుచుకొనేవారు. ఒకనాడు పరరాజుల దూతలు వచ్చి కొలువుదీరి ఉండగా, ఆమె నడిచి వచ్చిన దారిపొడవునా పాలరాతి నేలమీద ఎర్రని అడుగులు పడ్డాయి. మహామంత్రి నయసారుడు, వయోవృద్ధుడు, మర్యాదలకు ప్రాణమిచ్చేవాడు, ఉండబట్టలేక లేచి నిలిచాడు.

"మహారాణీ! మన్నించాలి. ఏలినవారి పాదాలు నేలనైనా తాకవు. వారి అర్ధాంగి పాదాలు ఇలా మట్టికొట్టుకొని కొలువుకూటాన్ని మలినం చేయడం ఈ సింహాసనానికి తగునా?"

గైరికాదేవి కోపగించలేదు, తడబడనూ లేదు. "అమాత్యవర్యా! ఈ మట్టి పరదేశానిది కాదు. ఇది మీ ప్రభువు ఏలే రాజ్యమే. కొలువులోకి రాజ్యం రాకూడదా?" అన్నది. దూతలు మెచ్చుకోలుగా తలలూపారు. నయసారుడు పెదవి కొరుక్కొని కూర్చున్నాడు. రుచికేతువు మాత్రం ఆ రోజే మణులు పొదిగిన బంగారు పాదుకలు చేయించి ఆమెకు పంపాడు. భర్త మనసు నొప్పించడం ఇష్టంలేక ఆమె వాటిని తొడుక్కొని, తోట చివరిదాకా నడిచి, తిరిగివచ్చి విడిచేసి, "చేతులకు తొడుగులు వేసుకొని అన్నం తిన్నట్టుంది స్వామీ. మీరు ఇచ్చారు కనుక కళ్ళకు అద్దుకొని దాచుకుంటాను" అని చెప్పింది. ఆయన మరి బలవంతం చేయలేదు.

ఇలా ఒక సంవత్సరం గడిచింది. వసంతం వెళ్ళి గ్రీష్మం ప్రవేశిస్తుండగా, ఒక ఉదయం ఏటి ఒడ్డున నడుస్తున్న గైరికాదేవి చటుక్కున ఆగిపోయింది. సూర్యోదయం కాకముందే నేల వెచ్చగా తగిలింది. నాలుగడుగులు పక్కకు వేసి చూసింది, అక్కడా అంతే. నిన్నటిదాకా బొటనవేలు నొక్కితే చెమ్మ ఊరిన చోట ఈనాడు పొడి ఇసుక జారింది. వెంటనే వెళ్ళి, "స్వామీ! నేలలోపలి నీరు వెనక్కి పోతోంది. కొండలో ఊట ఎండిపోయేముందు ఇలాగే ఉంటుంది. ఏదో జరగబోతోంది" అని భర్తకు విన్నవించింది.

రుచికేతువు తత్క్షణం ఏటిమీదికి వెళ్ళి చూసి వచ్చి, "దేవీ! నది రెండు ఒడ్డులా నిండుగా ఉంది. నీ భయం నిష్కారణం" అన్నాడు. నయసారుడు పక్కనే నిలబడి, "కాళ్ళు కాలితే ఏరు ఎండినట్టే అనిపిస్తుంది" అని సన్నగా నవ్వాడు.

పదకొండో రోజున అరుణావతి వెనుదిరిగింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, పల్లానికి పారవలసిన నీరు ఎగువకు పారి, చాప చుట్టినట్టు చుట్టుకొంటూ కొండలవైపు పోయింది. ఏటి గర్భంలో చేపలు గిలగిలలాడాయి. పడవలు బురదలో ఒరిగిపోయాయి. సాయంకాలానికి నగరంలోని బావులలో చేదలు రాళ్ళకు తగిలి ఖణఖణమన్నాయి.

వ్యోమపాదుకల మహిమచేత రుచికేతువు కనురెప్పపాటులో శోణకూట శిఖరం చేరి, నది పుట్టే గుహలో చూడగా నల్లని శిల తప్ప చుక్క నీరు లేదు. బిగ్గరగా నదీదేవతను పిలిచాడు. తన గొంతే మారుమ్రోగింది. మూడుసార్లు వెళ్ళాడు, మూడుసార్లూ వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. అప్పుడు గైరికాదేవి, కొండ పాదంలో ఉత్త నేలమీదనే కూర్చుని, ఉత్త నేలమీదనే శయనించి, వేయేళ్ళుగా తపస్సు చేస్తున్న స్థండిలేయ మహర్షిని ఆశ్రయిద్దామని చెప్పగా, ఆ దంపతులు ఆయనను రథంపై పిలిపించక తామే బయలుదేరబోతుండగా, త్రికాలవేది అయిన ఆ మహాముని తానే నడిచి వచ్చి రాజద్వారం దగ్గర మట్టిలో కూర్చున్నాడు.

"రాజా! నీ నదిని ఎవరూ అపహరించలేదు. కన్నతల్లి పిలిస్తే కూతురు పుట్టింటికి పోయింది. సర్వంసహ అయిన భూదేవియే ఆమెను వెనక్కి పిలిచింది."

"మహాత్మా! నేను చేసిన అపరాధమేమిటి? తెలిసి ఎవరికీ అన్యాయం చేయలేదే" అన్నాడు రుచికేతువు చేతులు జోడించి.

"నీకు భూపతి అని బిరుదు ఉంది. నీ రాజ్యంలో ప్రతి ప్రాణీ పొద్దున్నే లేచి నేలమీద కాలు మోపుతూ, తల్లీ, నా పాదం నిన్ను తాకుతోంది, మన్నించు అని వేడుకొంటుంది. ఎద్దూ, లేడీ, చీమా కూడా తమతమ భాషలో ఆ మాట అంటాయి. నీ నోట ఆ మాట వినాలని ఆ తల్లి ఇరవై ఐదేళ్ళు ఎదురుచూసింది."

రాజుకు ఉక్రోషం వచ్చింది. "స్వామీ! ఆమెను ఒక్కనాడూ తొక్కలేదు. నా భారం ఆమెమీద మోపలేదు. అది గౌరవం కాదా? దానికి ఇంత శిక్షా?"

మహర్షి ఆయనను దయతో చూశాడు. "నాయనా! ఒడిలోకి రాని బిడ్డ తనను గౌరవిస్తున్నాడని ఏ తల్లి అనుకొంటుంది? మోయడం ఆమె స్వధర్మం. నీవు ఒక్కడివి రాకపోతే ఓర్చుకొనేదే. నిన్ను చూసి నగరమంతా పలకలు పరిచి ఆమెను కప్పివేసింది. నిరుడే నది మరలిపోవలసింది. ఈ ఇల్లాలి రెండు పాదాలు రోజూ ఆ ఒడ్డున ఆమెను పలకరించబట్టి ఒక సంవత్సరం ఆగింది. ఈనాడు షష్ఠి. పూర్ణిమనాటి సూర్యాస్తమయంలోగా నీవు ఈ నగరంనుండి పన్నెండు యోజనాలు, నది నడిచిన దారినే, నీ కాళ్ళతో నడిచి శిఖరం చేరాలి. లేదా అరుణావతి పాతాళానికి దిగిపోతుంది. ఆపైన పిలిచినా పలకదు."

ఇలా చెప్పి మహర్షి లేచి వెళ్ళిపోయాడు. నయసారుడు ముందుకు వచ్చి, "ప్రభూ! తమ పాదాలు వెన్నముద్దలు. పది బారలైనా నడవలేరు. భార్య చేసిన కర్మలో భర్తకు భాగముందని శాస్త్రం. మహారాణివారికి నడక అలవాటే కదా, వారిని పంపండి" అని చెవిలో చెప్పాడు.

రుచికేతువు భార్యవైపు చూశాడు. ఆ చూపులో ఆశ ఉంది, సిగ్గూ ఉంది. "దేవీ! నీవు నాలో సగం..."

"అవును స్వామీ. అందుకే మీ వెంట వస్తాను. మీకు బదులుగా మాత్రం వెళ్ళను" అన్నది గైరికాదేవి. "ఆ తల్లి ఎరగనిది నన్ను కాదు. నన్ను మళ్ళీ పంపితే ఏమని చెప్పను, మా ఆయన ఇంకా పైనే ఉన్నాడని చెప్పనా?"

మహారాజు రాజద్వారపు చివరి మెట్టుమీద కూర్చొని, వ్యోమపాదుకలు విప్పి పక్కన పెట్టి, రెండు చేతులూ భార్యకు అందించి, నేలమీద నిలబడ్డాడు. ఇసుక రేణువు ఒకటి గుచ్చుకొని ఆయన ఒళ్ళంతా వణికింది.

సప్తమినాటి ఉదయం వారు ఎండిన ఏటి గర్భంలో నడక మొదలుపెట్టారు. తొలి ఝాము ఇసుక చల్లగా ఉండడంవల్ల రాజు ఉత్సాహంగా అడుగులు వేశాడు. మధ్యాహ్నానికి ఆ ఇసుకే పెనమైంది. యుద్ధాలలో బాణపు దెబ్బలకు కిక్కురుమనని ఆ వీరుడు, అరికాళ్ళు బొబ్బలెక్కి, పళ్ళు బిగించి, భార్యకు చెప్పడానికి నామోషీపడి నడుస్తూనే పోయి, చివరికి మోకాళ్ళమీద కూలబడ్డాడు. రెండోనాడు పల్లేరుకాయల బీడు అడ్డమైంది. గైరికాదేవి ఆయన కాలు ఒళ్ళో పెట్టుకొని, ఎముకసూదితో ముళ్ళు ఒక్కొక్కటే తీసి, ఆకుపసరు పిండి, నారబట్టతో కట్టి, "స్వామీ! మీరు నేలను శత్రువును తొక్కినట్టు తొక్కుతున్నారు. అడుగు చిన్నది వేయండి. బరువు ఒక్కసారిగా దింపకండి. ముందు వేళ్ళతో అడగండి, అది సరేనన్నాక మడమ పెట్టండి" అని చెప్పింది.

"నేలను అడగడమా? అది ఏమని చెబుతుంది?"

"మీరు అడగండి. అది చెప్పేది నేను చెబితే మీకు ఎలా తెలుస్తుంది?"

మూడోనాడు, నాలుగోనాడు ఆయన ఆ విద్య నేర్చుకోవడంలోనే గడిపాడు. బండమీద, మొరంలో, ఎండుటాకులపై, ఒక్కొక్కచోట ఒక్కొక్క రకంగా పాదం వాలడం తెలిసివచ్చింది. దారి వేగం తగ్గి, నొప్పి కూడా తగ్గింది. ఐదోనాడు అడవి అంచున నడుస్తూ ఆయన ఉన్నట్టుండి ఆగి, ఎడమపాదం నేలమీద అటూ ఇటూ కదిపి, "దేవీ! ఇక్కడ చల్లగా ఉంది. పక్కన లేదు, ఇక్కడే" అన్నాడు. మహారాజు మోకరిల్లి చేతులతో ఇసుక తోడగా, మోచేతి లోతున నీరు ఊరింది. దప్పికతో పిల్లలనెత్తుకొని పోతున్న గొల్లల కుటుంబమొకటి ఆ చెలమ దగ్గర తాగి, తమ మేకలకు తాపి, ఆ మట్టిచేతులవాడు రాజని తెలియక, "నీ కాలు చల్లన నాయనా" అని దీవించి వెళ్ళారు. ఎందరు వందిమాగధులు పొగిడినా పొంగని రుచికేతువు కళ్ళు ఆ మాటకు చెమర్చాయి. గైరికాదేవికి ఆ క్షణంలో తన భర్తమీద కలిగిన ప్రేమ పెళ్ళిపీటలమీద కలిగినదానికంటే గొప్పది.

ఎనిమిదోనాడు శోణకూటం ఎక్కడం మొదలైంది. ఇది తన కొండ. ప్రతి రాయీ తనకు బంధువు. గైరికాదేవి ముందు నడుస్తూ దారి చూపుతూ పోయింది. కాని నది వెళ్ళిపోయిన తరువాత ఆ కొండలోపల ఏదో సడలింది. పుట్టినప్పటినుంచి ఎరిగిన బండ ఒకటి, వేయిసార్లు కాలు మోపినది, ఆమె బరువుకు కదిలి దొర్లింది. ఆమె పడలేదు. చేతికందిన వేరు పట్టుకొంది. కాని చీలమండ మెలిపడి, చూస్తుండగానే వాచి, మరి అడుగు పడకుండా పోయింది. అలాగే కుంటుతూ ఆ సాయంకాలం వరకు కొంత దూరం ఎక్కి, ఒక చరియలో విశ్రమించి, పూర్ణిమనాటి ఉదయం లేవబోయి ఆమె నిలబడలేకపోయింది.

"స్వామీ! శిఖరం ఇంకా సగం పూట దూరంలో ఉంది. మీరు వెళ్ళండి. ఈ కొండ నన్ను చూసుకొంటుంది" అన్నది.

ఆయన ఏదో చెప్పబోయేలోగా ఆకాశంలో బంగారు వెలుగు మెరిసింది. ధరించినవానికి దారి తోచని ఆపద వచ్చినప్పుడు తామే వచ్చి చేరడం వ్యోమపాదుకల స్వభావం. అవి గాలిలో తేలుతూ వచ్చి, రుచికేతువు పాదాల ముందు, నేలకు నాలుగంగుళాల ఎత్తున నిలిచాయి. వాటిలో కాలు పెడితే చాలు, భార్యను ఎత్తుకొని రెప్పపాటులో శిఖరం చేరవచ్చు. ఆమె నొప్పి తీరుతుంది. కాని నది రాదు. రుచికేతువు వాటిని చూశాడు, వాచిన ఆమె కాలిని చూశాడు.

"దేవీ! ఏం చేయమంటావు?"

గైరికాదేవి చెప్పలేదు. చెప్పకూడదని ఆమెకు తెలుసు. చెప్పాలని ప్రాణం కొట్టుకొన్నా, పెదవి కదపక, భర్త ముఖంలోకి చూస్తూ ఊరుకొంది.

అప్పుడు ఆ రాజర్షి పాదుకలకు నమస్కరించి, "దివ్యపాదుకలారా! మా తండ్రి ప్రేమకు రూపమై ఇన్నేళ్ళు నన్ను కాపాడారు. మీ ఋణం ఉంచుకోను, మీ సేవను మరువను. ఇక మిమ్మల్ని సృజించిన విశ్వకర్మ సన్నిధికి వెళ్ళండి. నాకు వేరొకరు దారి చూపుతున్నారు" అని పలికాడు. అవి ఆయన చుట్టూ మూడుసార్లు తిరిగి, పైకి లేచి, సూర్యకాంతిలో కలిసిపోయాయి. తరువాత ఆయన వంగి, "ఎక్కు" అని తన వీపు చూపించాడు.

"స్వామీ! మీ పాదాలు..."

"నా పాదాలు నీవు నేర్పినవే. ఎక్కు దేవీ, పొద్దెక్కుతోంది."

గైరికాదేవి జన్మలో ఎవరి వీపూ ఎక్కలేదు. నడక వచ్చింది మొదలు తన కాలే తనకు దిక్కు. ఇప్పుడు కాళ్ళు గాలిలో వేలాడుతుండగా, కింద నేల ఎలా ఉందో తెలియక, ఆమెకు మొదటిసారి భయమనేది తగిలింది. ఇరవై ఐదేళ్ళు ఈయన ఇలా బ్రతికాడా అనుకొంది. పైనుంచి చూస్తే అన్ని రాళ్ళూ ఒకటిలాగే ఉన్నాయి. ఏది కదిలేదో, ఏది నిలిచేదో కళ్ళకు తెలియడం లేదు. ఒకచోట ఆయన అడుగు వేయబోయి ఆగాడు. వేళ్ళతో తడిమి, పక్కకు జరిగి, మరో బండపై మడమ ఆనించాడు. మొదటి రాయి వెనుకనుంచి దొర్లి లోయలో పడిన చప్పుడు వినిపించింది. అంతటితో ఆమె కళ్ళు మూసుకొని, తల ఆయన భుజంమీద ఆనించి, ఆ అడుగుల చప్పుడు వింటూ ఉండిపోయింది. భయం పోయింది.

సూర్యుడు పడమటి కొండలకు బారెడు ఎత్తున ఉండగా వారు గుహ ముంగిటికి చేరారు. ఆయన ఆమెను మెల్లగా దింపి, రక్తసిక్తమైన రెండు పాదాలను ఆ నల్లని శిలమీద మోపి, చేతులు జోడించి, పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారి, "తల్లీ! నా పాదం నిన్ను తాకుతోంది. మన్నించు" అని పలికి, సాష్టాంగంగా పడ్డాడు.

శిల కదిలింది. మట్టి తడిసిన సువాసన గుహంతా నిండింది. పచ్చని పట్టుపుట్టము కట్టి, పర్వతాలే హారాలుగా, సస్యాలే కేశపాశంగా, విశ్వంభర, రత్నగర్భ అయిన భూదేవి ఆ దంపతుల ముందు ప్రత్యక్షమైంది. ఆ తల్లి ముఖంలో కోపం జాడ లేదు. వంగి రుచికేతువు భుజాలు పట్టి లేవనెత్తుతూ, "ఇంత బరువువాడివా నాయనా! ఇన్నాళ్ళూ నాకు తెలియనే లేదు" అని నవ్వింది.

మహారాజు చంటిపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "అమ్మా! నా ప్రజలు నా మూలంగా దప్పికపడ్డారు. నన్ను శిక్షించు, వారిని కాపాడు."

"శిక్ష ఎందుకు? కూతురిని పిలిచింది నిన్ను రప్పించుకోవడానికే. తొమ్మిది రోజులుగా నీ ప్రతి అడుగూ నాకు అందుతూనే ఉంది. మొదటి రోజు నన్ను తిట్టుకొంటూ నడిచావు. ఐదోనాడు గొల్లపిల్లల కోసం నన్ను తవ్వావు. ఈనాడు నా బిడ్డనొకదానిని మోసుకొని వచ్చావు. ఇక నాకు ఏ లోటూ లేదు. నీ పాదాలను మళ్ళీ వెన్నలా చేయమంటావా?"

"వద్దమ్మా. ఇవి ఇప్పుడే నాకు పరిచయమయ్యాయి. ఇలాగే ఉండనీ" అన్నాడు రుచికేతువు.

ఆ తల్లి గైరికాదేవివైపు తిరిగి, వాచిన చీలమండను తన చేతితో నిమరగా, నొప్పి మాయమైంది. "అమ్మాయీ! నీవు నా దగ్గర ఏనాడూ ఏమీ అడగలేదు. ఈవేళ ఒక వరం కోరుకో."

గైరికాదేవికి ఆలోచించవలసిన పని లేకపోయింది. ఆ ఉదయం భర్త వీపుమీద, కింద ఏముందో తెలియక వణికిన క్షణం ఆమెలో ఇంకా పచ్చిగానే ఉంది. "తల్లీ! కొండలమీద, అడవులలో తిరిగేవాళ్ళున్నారు. దట్టమైన మంచు కమ్మి దారి తప్పేవాళ్ళు, చూపు మందగించిన ముసలివాళ్ళు, పుట్టుగుడ్డివాళ్ళు ఉన్నారు. నిన్ను పలకరించి నీమీద కాలు మోపిన ఎవరికైనా సరే, కంటికి దారి కనబడనప్పుడు కాలికి తెలిసేలా చెయ్యి. నాకు అదే చాలు."

"ఇచ్చాను" అన్నది భూదేవి. "నన్ను అడిగి అడుగు వేసినవానికి నేనే దారినవుతాను." ఇలా పలికి ఆమె అంతర్ధానం కాగానే, శిల నడిమికి చీలి, జేగురురంగు నురుగులతో అరుణావతి ఉరికి వచ్చి, ముందుగా ఆ దంపతుల పాదాలు కడిగి, ఆ తరువాత లోయలోకి దూకింది. సరిగ్గా అప్పుడే సూర్యబింబం అస్తాద్రిని తాకింది.

తెల్లవారి వారు కొండ దిగి, పారే నీటి పక్కనే నడుచుకొంటూ, ఊరూరా ప్రజల యోగక్షేమాలు కనుక్కొంటూ, పక్షం రోజులకు పద్మావరం చేరారు. అప్పటికే నగరవీథులలోని కొయ్యపలకలు పెళ్ళగించి ఒక పక్కకు పేర్చి ఉన్నాయి. ఆ పని చేయించినవాడు నయసారుడే. ఆ వృద్ధామాత్యుడు పురద్వారం దగ్గర, ఉత్త కాళ్ళతో, ఎండలో ఒంటికాలిమీద ఒకసారి, మరో కాలిమీద ఒకసారి నిలబడుతూ ఎదురుచూస్తున్నాడు. మహారాణిని చూసి, "దేవీ! ఆనాడు తప్పుగా మాట్లాడాను. కాని ఈ నేల ఇంత కాలుతుందని మీరైనా చెప్పలేదే" అన్నాడు దీనంగా. గైరికాదేవి పకపకా నవ్వి, "నీడపట్టున నడవండి మంత్రివర్యా. సాయంకాలం నేను నేర్పుతాను" అన్నది.

ఆ తరువాత రుచికేతువు ప్రతి సంవత్సరమూ తన రాజ్యాన్ని నాలుగు దిక్కులా నడిచి చూస్తూ, ఒక్క రోజులో తీర్చే తగవులకు పది రోజులు పట్టినా, తీర్చినవి మళ్ళీ తలెత్తకుండా తీరుస్తూ, అరవై ఏళ్ళు ప్రజారంజకంగా పాలించాడు. వార్ధక్యంలో ఆయన కళ్ళకు పొర కమ్మి చూపు పోయింది. అయినా ఏటేటా ఆ పూర్ణిమనాడు శోణకూటం ఎక్కడం మానలేదు. జుట్టు ముగ్గుబుట్టలా నెరసిన గైరికాదేవి చేయి పట్టుకోబోతే వద్దని, ఒక్కొక్క బండా పాదంతో పలకరించుకొంటూ ఆయనే ముందు నడిచేవాడు. ఆమె వెనుక నడిచేది.

భూదేవి ఇచ్చిన ఆ వరం కాలం చెల్లనిది. ఈ కథను శ్రద్ధతో విన్నవారు మంచులోనైనా, చీకటిలోనైనా, తెలియని కొండదారిలోనైనా క్షేమంగా నడిచి ఇల్లు చేరుతారు. వారు మొదటిసారి నేలమీద నిలబెట్టిన బిడ్డకు ఆ తల్లి తన అరచేయి పరుస్తుంది.